జలకన్యకు నీళ్ళు పోయొద్దు

మూడో తరగతి పిల్లలకు ఏడో ఎక్కం చెబుతుండగా ఊళ్ళోకి జలకన్య వచ్చింది. ముందు ఆటోకు కట్టిన మైకు వచ్చింది. దాని వెనకాల ట్రాక్టరు ట్రాలీలో పొడుగాటి చెక్కపెట్టె వచ్చింది.

“సగం ఆడది, సగం చేప! శాపం తగిలి నిద్రపోతాండే సముద్రరాజు కూతురు! ప్రాణం ఉండాది, పలుకు లేదు! రండప్పా, చూడండప్పా!”

పిల్లలందరూ కిటికీ వైపు తిరిగారు. నేనూ తిరిగాను. వాళ్ళకు వింత దొరికింది, నాకు వేట దొరికింది.

నేను అప్పట్లో గుమ్మఘట్ట మండలంలో ఒక చిన్న ఊళ్ళో టీచరును. ఒక వీధిలో తెలుగులో తిట్టుకుంటే పక్క వీధిలో కన్నడలో తిట్టుకునే ఊరు. రెండువేల సంవత్సరం దాటిన తొలి రోజులు. వాన మొహం చూసి మూడేళ్ళవుతోంది. చెరువులో పిల్లలు క్రికెట్ ఆడేవాళ్ళు, వేరుశనగ విత్తనాలు మూటల్లోనే ఉండేవి. జనానికి తోచనప్పుడు వింతలు బాగా గిట్టుబాటవుతాయి. గిట్టుబాటు కాకుండా చూడటం నా పని అని నేను అనుకునేదాన్ని. ఈ పనికి నన్ను ఎవరూ నియమించలేదు. మా నాయన నాకు పన్నెండేళ్ళు నిండకముందే వాదసభలకు వెంట తీసుకుపోయేవాడు. దయ్యాలున్నాయనే వాళ్ళు ఒక బెంచీ మీద, లేవనే వాళ్ళు ఎదురు బెంచీ మీద కూర్చుని అర్ధరోజు వాదించుకునేవాళ్ళు. ఆ బెంచీల మధ్య పెరిగినదాన్ని. ముప్పై ఏళ్ళు వచ్చేసరికి నాలుక మీద కర్పూరం వెలిగించడం, నిప్పుల మీద నడవడం, నిమ్మకాయలోంచి రక్తం తెప్పించడం అన్నీ వచ్చు. చేసి చూపించి, ఆ తర్వాత గుట్టు విప్పేదాన్ని. చప్పట్లు మాత్రం గుట్టు విప్పకముందే ఎక్కువ పడేవి. అది నన్ను ఎప్పుడూ మండించేది.

ఆ సాయంత్రం బడి మూసి, కొలతల టేపు సంచీలో వేసుకుని, వాళ్ళు వేసిన డేరా దగ్గరికి పోయాను. వరసలో నా ముందు గొర్రెల అవ్వ నిలబడి ఉంది. బడి గోడకు ఆనుకుని ఆమె దొడ్డి. అరవై గొర్రెలు, నోటి నిండా వక్కాకు, ప్రతిదాని మీదా ఒక తీర్పు.

“నువ్వూ వచ్చినావా టీచరమ్మా? మొక్కుకోడానికా, మొట్టడానికా?” అంది.

“మొట్టడానికే అవ్వా.”

“అయితే నేను మొక్కుకున్నాక మొట్టు. ముందే మొట్టితే నా రెండు రూపాయలు దండగ.”

లోపల సాంబ్రాణి పొగ. ఎర్ర బల్బు కింద, చెక్కపెట్టె మూత తీసిపెట్టి ఉంది. అందులో పడుకుని ఉన్నదాన్ని చూసి నాకు ముందు నవ్వొచ్చింది. గులాబీ రంగు పూసిన మొహం, నుదుట రూపాయంత బొట్టు, తల మీద నాటకాల వాళ్ళ సవరం. ఛాతీ మీద దూది కూరిన ఎర్ర జాకెట్టు. జాకెట్టు కింద నీలం నైలాన్ చీర, చీర కింద తోక. చేతులని చెప్పినవి రెండు మందపాటి రెక్కలు. వాటికి గాజులు ఎక్కక దారంతో కట్టారు.

పెట్టె పక్కన నలభై ఏళ్ళ మనిషి నిలబడి కన్యకు విసనకర్రతో విసురుతున్నాడు. మడకశిర వైపు వాడు. మాట సగం తెలుగు, సగం కన్నడ.

“సముద్రం ఎప్పుడన్నా చూశావా?” అని అడిగాను.

“లేదక్కా. మా మామ చూసినాడు. ఆయప్ప దక్షిణాన రేవులో మూటలు మోసినాడు. ఆడ్నించే ఈ తల్లిని తెచ్చినాడు. ఆయప్ప పోయినాక నాకొచ్చింది.”

డేరాలో ముప్పై మంది ఉన్నారు. సముద్రం చూసినవాళ్ళు ఒక్కరూ లేరు, నాతో కలిపి. నేను మాత్రం ఆ సంగతి పైకి అనలేదు. గొంతు పెంచి అన్నాను: “అందరూ వినండి! ఇది కోతి మొండెం, చేప తోక. నడుం దగ్గర కుట్టి, రంగు పూసి, చీర కట్టారు. ఇటువంటివి కుట్టి అమ్మేవాళ్ళు ప్రపంచమంతా ఉన్నారు. చీర తొలగిస్తే అతుకు కనిపిస్తుంది.”

“తీసి చూడక్కా,” అన్నాడు ఆ మనిషి, ఏమాత్రం తడబడకుండా. “అతుకు చూపిస్తే రేపే డేరా పీకేస్తా.”

చీర తొలగించాను. నడుం దగ్గర అతుకు లేదు. వేలుపెట్టి చుట్టూ తడిమాను. గొంతు నుంచి తోక దాకా పొట్ట మీద ఒకే ఒక కుట్టు ఉంది, చచ్చిన జంతువు తోలు ఒలిచి తిరిగి కుట్టినట్టు. తల నుంచి తోక దాకా ఒకటే తోలు. తోక మీద పొలుసు లేదు. పైగా చేప తోక నిలువుగా ఉంటుంది కదా, ఇది చేట బోర్లించినట్టు అడ్డంగా పరుచుకుని ఉంది. టేపు తీసి కొలిచాను. మూతి నుంచి తోక చివరి దాకా ఎనిమిదిన్నర అడుగులు. నడుం చుట్టు ఆరడుగులకు దగ్గర. రెక్క పొడవు అడుగు మీద నాలుగు వేళ్ళు. తోక వెడల్పు రెండున్నర అడుగులు.

ఆరడుగుల నడుమున్న కోతి ఈ భూమ్మీద లేదు.

“ఏం మేడం, అతుకు దొరికిందా?” అని వెనకనుంచి ఎవరో అడిగారు.

“కొలతలు రాసుకుంటున్నా,” అన్నాను.

“కొలతలు రాసుకుంటాంది. జాకెట్టు కుట్టిస్తుందేమో,” అంది అవ్వ. డేరా అంతా నవ్వింది.

వాదంలో ఓడిపోవడం నాకు కొత్త కాదు. చూడకుండా మాట్లాడి ఓడిపోవడం మాత్రం అదే మొదటిసారి. ఇంటికొచ్చి అన్నం సయించక, కొలతల కాగితం ముందు పెట్టుకుని కూర్చున్నాను.

ఆదివారం మొదటి బస్సుకు రాయదుర్గం పోయి గ్రంథాలయం తలుపు తీసేదాకా మెట్ల మీద కూర్చున్నాను. జంతువుల గురించి ఒక లావుపాటి ఇంగ్లీషు పుస్తకం ఉంది. చివరిసారి దాన్ని ఎవరు తెరిచారో గానీ, మధ్యలో ఒక ఎండిన బల్లి దొరికింది. చేపల భాగం మొత్తం తిప్పాను, లేదు. తిమింగలాల్లో వెతికాను, దగ్గరగా వచ్చి తప్పిపోయింది. ఇంకో రెండు పేజీలు తిప్పేసరికి నా జలకన్య, సవరం లేకుండా, బొట్టు లేకుండా, నలుపు తెలుపు బొమ్మలో పడుకుని నన్ను చూస్తోంది.

డుగాంగ్. సముద్రపు ఆవు అని కూడా అంటారట. మన దేశంలో తమిళ తీరాన, గుజరాత్ వైపు, అండమాన్లలో బతుకుతుంది. పెద్దది ఎనిమిది నుంచి పది అడుగుల దాకా పెరుగుతుంది. బరువు మూడు నాలుగు వందల కిలోలు. నా టేపు అబద్ధం చెప్పలేదు. పుస్తకంలో ఒక్కో వాక్యం చదువుతుంటే పెట్టెలో చూసిన ఒక్కో ముక్కకు అర్థం దొరుకుతూ వచ్చింది. తోక అడ్డంగా ఉండటానికి కారణం అది చేప కాదు, పాలిచ్చే జంతువు కావడం. వెన్ను పైకీ కిందికీ వంచుతూ ఈదుతుంది. వెనక కాళ్ళు లేవు, ఒకప్పుడు ఉన్నాయని చెప్పడానికి ఒంటి లోపల రెండు చిన్న ఎముకలు మాత్రం మిగిలాయి. ముందు రెక్కల్లో మన చేతిలాగే ఐదు వేళ్ళ ఎముకలున్నాయి, గోళ్ళు లేవు. బయటికి చెవులు లేవు, గుండుసూది గుచ్చినంత రంధ్రాలే. ముక్కు రంధ్రాలు మూతి పైభాగాన ఉంటాయి. మునిగేటప్పుడు మూతపడతాయి, నాలుగైదు నిమిషాలకొకసారి పైకొచ్చి తెరుచుకుంటాయి. మూతి కిందికి వంగి ఉంటుంది, నేల మీద గడ్డిని వేర్లతో సహా పీక్కోవడానికి. అది తినేదంతా సముద్రం అడుగున మొలిచే గడ్డే. రోజుకు ముప్పై నలభై కిలోలు. ఆ గడ్డి అరగడానికి పాతిక మీటర్లకు పైబడిన పేగు. మా బడి వరండాకు రెండు చుట్లు వేయొచ్చు.

అన్నిటికన్నా నాకు నచ్చింది ఎముకల సంగతి. ఇంత గడ్డి పొట్టలో ఉంటే గాలి పుడుతుంది, గాలి పుడితే ఒళ్ళు తేలిపోతుంది, తేలిపోతే అడుగున మేయడం కుదరదు. అందుకని దాని పక్కటెముకలు మూలుగ లేకుండా గట్టిగా, రాళ్ళలా బరువుగా ఉంటాయి. దేవుడు చేశాడని వాళ్ళు అననీ, కోట్ల ఏళ్ళలో అలా తయారైందని మేము అననీ, ఆ ఏర్పాటు మాత్రం ఎవరినైనా కుర్చీలోంచి లేపుతుంది. నేను లేచి గ్రంథాలయంలో అటూ ఇటూ నడిచాను.

ఆ భాగం చివర్లో ఇంకో మాట. పాలిచ్చే చన్నులు రెండే, ఒక్కో రెక్క కింద ఒకటి, చంకలో. బిడ్డ పుట్టేటప్పుడే మూడు నాలుగు అడుగులుంటుంది, తల్లి రెక్క వెనక చేరి పాలు తాగుతుంది. పాతకాలం ఓడలవాళ్ళు దూరం నుంచి దీన్ని చూసే ఆడమనిషి అనుకున్నారట. నెలల తరబడి ఓడ మీద మగవాళ్ళే ఉంటే మూడు వందల కిలోల మీసాల మూతి కూడా అందంగానే కనిపించి ఉంటుంది. వాళ్ళను నేను తప్పు పట్టను.

బస్సులో తిరిగొస్తూ ఉపన్యాసం సిద్ధం చేసుకున్నాను. అతుకు దగ్గర పోయిన పరువు కొలతలతో తిరిగి తెచ్చుకుంటాను. డేరా పీకిస్తాను. ఆ మనిషి మైకు అట్లా మూతపడాలి. ఇదీ నా ఆలోచన.

సోమవారం పొద్దున బడి తలుపు తీసేసరికి ఊరు వేరే ఆలోచనలో ఉంది.

వాన రానప్పుడు మా వైపు ఒక పద్ధతి ఉంది. కప్పను పట్టి, వేపమండల మధ్య రోకలికి కట్టి ఇంటింటికీ తిప్పుతారు. ప్రతి ఇంటివాళ్ళూ దాని మీద చెంబెడు నీళ్ళు పోస్తారు. కప్ప అరుస్తుంది, కప్ప అరిస్తే వాన వస్తుందని నమ్మకం. వాన వస్తే కప్ప అరుస్తుంది గానీ కప్ప అరిస్తే వాన రాదని నేను ఆ ఊళ్ళో రెండుసార్లు ఉపన్యాసం ఇచ్చాను. ఈసారి ఊరిపెద్ద నా దాకా రాకుండానే ముందు రోజు మనుషుల్ని పంపి కప్పను వెతికించాడు. చెరువులో వెతికారు, ఎండిన బావుల్లో దిగి చూశారు, బోరు దగ్గర తడినేల తవ్వారు. కప్ప దొరకలేదు. మూడేళ్ళు వాన లేని చోట కప్ప యాడుంటుంది?

అప్పుడు ఊరిపెద్దకు డేరా గుర్తొచ్చింది. కప్ప నీళ్ళలోది కాబట్టి పనికొస్తుంటే, సముద్రరాజు కూతురు ఇంకెంత పనికొస్తుంది? మంగళవారం పొద్దున జలకన్యను ఎద్దులబండి మీద ఊరేగించాలి, ప్రతి ఇంటివాళ్ళూ ఒక బిందె నీళ్ళు పోయాలి. చెంబు చాలదు, ఒళ్ళు పెద్దది కదా. ట్యాంకరు రెండు రోజులకొకసారి వచ్చే ఊళ్ళో ఇంటికొక బిందె! నాకు ఒళ్ళు మండింది. మధ్యాహ్నం అన్నం గంట కొట్టాక ఊరిపెద్ద ఇంటికి పోదామని చెప్పులేసుకుంటుంటే, డేరా మనిషి వరండాలో నిలబడి ఉన్నాడు.

“అక్కా, నువ్వే కాపాడల్ల.”

“నిన్నా, నీ సముద్రరాజు కూతుర్నా?”

“లోపలుండేది ఎండుగడ్డి, రంపపు పొట్టు, సున్నం. మా మామ కూరినాడు. ఒక బిందె పడితేనే తోలు ఉబ్బుతాది, కుట్టు పిగులుతాది. ఊరంతా పోస్తే సాయంత్రానికి బురద. నాకు సేద్యం లేదు, గొర్రి లేదు. నా పెండ్లాం పిల్లలు తినేది దీన్నే.”

“అయితే పోయొద్దని చెప్పు.”

“ఏమని చెప్పేది? నీళ్ళలో పుట్టిందానికి నీళ్ళు పడవని చెప్పేదా?”

నాకు నవ్వాగలేదు. అతను కూడా నవ్వబోయి ఏడుపు మొహం పెట్టాడు.

“రాత్రికి పెట్టె ఎత్తుకుని పోవచ్చు గదా?”

“నేనొచ్చిన ట్రాక్టరు ఊరిపెద్దదే అక్కా. డ్రైవరు ఆయప్ప అల్లుడు.”

అప్పుడు అతనికి నా కాగితం చూపించి, ఆ పెట్టెలోది ఏమిటో చెప్పాను. పేరు, గడ్డి, పేగు, ఎముకలు, చంకలో చన్నులు. అతను నోరు తెరుచుకుని విన్నాడు. పదిహేనేళ్ళు దాని పక్కన పడుకున్నవాడు, దాని పేరు మొదటిసారి వింటున్నాడు.

“గడ్డి తింటాదా? పాపం, గడ్డే కూరినాం,” అన్నాడు.

“రేపు అందరి ముందూ నిజం చెబుదాం. ఇది కన్య కాదు, జంతువు అని. జంతువుకు నీళ్ళు పోస్తే వాన ఎందుకొస్తుంది?”

“తంతారక్కా.”

“నీళ్ళు పోస్తే జంతువు పోతుంది. నిజం చెబితే నాలుగు తిట్లు పడతాయి. చూసుకో.”

“నువ్వే చెప్పు. నాకు నోరు రాదు,” అన్నాడు. మైకులో ఊరు దద్దరిల్లేలా అరిచినవాడికి నోరు రాలేదు.

మంగళవారం పొద్దున ఎండ ఎక్కకముందే డేరా ముందు బిందెలు వరసగా నిలబడ్డాయి. ఎద్దులకు పసుపు రాశారు. డోళ్ళవాళ్ళు వచ్చారు. ఊరిపెద్ద కొత్త పంచె కట్టాడు. నేను పెట్టె పక్కన నిలబడి గొంతు సవరించుకున్నాను. ముందే అతని చేత సవరం, బొట్టు, జాకెట్టు తీయించాను. పొడిగుడ్డతో రుద్దితే గులాబీ రంగు పొట్టులా రాలి, కింద బూడిదరంగు తోలు బయటపడింది. మూతి మీద మొరటు వెంట్రుకలు కనిపించాయి.

“ఇది ఆడమనిషి కాదు,” అన్నాను. “సముద్రం అడుగున గడ్డి మేసే జంతువు. నమ్మకపోతే మీరే చూడండి. అవ్వా, నువ్వు రా. నీకు తెలియని గొర్రె లేదు. దీని చెయ్యి ఎత్తి చంక చూడు.”

అవ్వ వక్కాకు ఉమ్మి వచ్చింది. రెక్క ఎత్తింది. తడిమింది. రెండో పక్కా తడిమింది.

“ఏందిది! చన్నులు చంకలో ఉండాయి! ఏమప్పా, అయితే జాకెట్లో నువ్వు పెట్టిందేంది?”

“దూది అవ్వా,” అన్నాడు అతను.

ఆడవాళ్ళు కొంగులు నోట్లో కుక్కుకున్నారు. అవ్వ ఊరుకోలేదు. పై పెదవి లేపి లోపల వేలు పెట్టింది. “అంగిలి గరుకు. ఇది కరిచే నోరు కాదు, మేసే నోరు. టీచరమ్మ చెప్పింది నిజమే. ఇది పసరం.”

నేను గెలిచాననుకున్నాను. ఉత్సాహంలో నోరు జారింది. “అందుకే దీన్ని సముద్రపు ఆవు అంటారు,” అన్నాను.

ఊరిపెద్ద మొహం వెలిగింది. “ఆవా? గోమాతా? అయితే ఇంకా మంచిది! పసుపునీళ్ళు పోద్దాం!”

“ఆవు కాదు! పేరుకే ఆవు. దీనికి నిజమైన చుట్టం ఆవు కాదు, ఏనుగు!”

నోట్లోంచి మాట బయటికొచ్చేసరికే నాకు తెలిసిపోయింది. వెనక వరసలో ఎవరో చేతులు జోడించారు.

“ఏనుగు చుట్టమంటే వినాయకుడికి చుట్టమే గదా,” అన్నాడు ఊరిపెద్ద. “ఇంతకన్నా ఏం కావాల? ఎత్తండప్పా బండి మీదికి!”

డోలు మొదలైంది. అంత చదువు చదివి, బస్సెక్కి పోయి, నేను ఆ జంతువుకు ఒక్క పూటలో రెండు కొత్త దైవత్వాలు అంటగట్టాను. నలుగురు మనుషులు పెట్టె మీద చేతులేశారు. డేరా మనిషి నా వంక చూశాడు. ఆ చూపు నాకు ఇప్పటికీ బాగా గుర్తు. దేవుణ్ణి నమ్మని నేను ఆ ఒక్క క్షణం ఎవరినైనా ప్రార్థించడానికి సిద్ధమయ్యాను.

“ఆగండ్రా,” అంది అవ్వ.

డోలు ఆగింది.

“రోకలికి కప్పను కడితే, బతికిన కప్పను కడతామా, చచ్చిన కప్పను కడతామా?”

“బతికిందాన్నే,” అన్నాడు ఊరిపెద్ద. “చచ్చింది ఎట్ల అరుస్తాది?”

“అట్లయితే ఈ పసరం బతికుండాదో చచ్చిందో ఆయప్పనే చెప్పనీ.” అతని వైపు తిరిగింది. “మైకులో ప్రాణం ఉండాదంటివే. ఇప్పుడు చెప్పు. ఉండాదా?”

ఇంత సులువైన ప్రశ్న నా ఉపన్యాసంలో లేదు. కొలతలున్నాయి, పేగులున్నాయి, ఐదు వేళ్ళ ఎముకలున్నాయి. చచ్చిందా బతికుందా అన్నది నేను అడగనే లేదు, నాకు ఆ విషయంలో అనుమానం లేదు కాబట్టి. వాళ్ళకు ఉందని నాకు తట్టలేదు.

అతను పెట్టె అంచు పట్టుకున్నాడు. ప్రాణం ఉందంటే బిందెలు కుమ్మరిస్తారు. లేదంటే పదిహేనేళ్ళుగా ఊరూరా చెప్పింది అబద్ధమని తానే ఒప్పుకోవాలి.

“చచ్చిపోయింది అవ్వా,” అన్నాడు. “నాకు పెండ్లి కాకముందే చచ్చిపోయింది. వలలో పడి ఊపిరాడక చచ్చిందంట. మా మామ తోలు కొనుక్కున్నాడు. లోపల గడ్డి ఉండాది. నేను చెప్పిందంతా అబద్ధం.”

తిట్లు పడతాయనుకున్నాను. ఆడవాళ్ళు అయ్యో అన్నారు. అంతకుముందు బిందె ఎత్తడానికి తయారైన ఒకామె బిందె కింద పెట్టి కళ్ళు తుడుచుకుంది. తిట్టింది ఊరిపెద్ద ఒక్కడే. ఆ తిట్టు కూడా నేననుకున్న వైపు నుంచి రాలేదు.

“చచ్చిందాన్ని మన్ను కప్పకుండా ఊరూరా తిప్పుతాండావా? సిగ్గు లేదా? ఈ ఊళ్ళో శవం పడుండాదా ఇన్ని రోజులు? వాన యాడ్నించి వస్తాది! గుంత తీయండప్పా, పూడ్చేద్దాం.”

మళ్ళీ పెట్టె మీద చేతులు పడ్డాయి. నీళ్ళ నుంచి తప్పించి మట్టి కిందికి తెచ్చాను. “పూడ్చొద్దు, పిల్లలకు పనికొస్తుంది, చూసి నేర్చుకుంటారు,” అని అరిచాను. ఎవరూ వినలేదు. శవం దగ్గర చదువు మాట ఎవరు వింటారు?

అవ్వ నెమ్మదిగా డోళ్ళవాళ్ళ దగ్గరికి పోయింది. ఒక డోలు మీద వేలితో కొట్టింది. “ఇదేం తోలు?”

“గొర్రె తోలే అవ్వా. నీ మందలోదే.”

“ఆ గొర్రి చచ్చిందా, బతికుండాదా?”

“చచ్చింది.”

“మరి దీన్ని పూడుస్తామా? నా పొట్టేలు చచ్చి పదేండ్లయింది, తోలు ఇప్పటికీ జాతరకు మోగుతాంది. ఒళ్ళు పూడుస్తాం గానీ తోలు పూడ్చం. దీని ఒళ్ళు సముద్రం కాడే పోయింది. ఇది తోలు. తోలుకు ఇంకా పని ఉండాది, ఈయప్ప పిల్లోళ్ళకు కూడు పెట్టల్ల. తీయండి చేతులు.”

చేతులు తీశారు. ఊరిపెద్ద డోలు వంక చూసి పక్కకు జరిగాడు. నేను ఇరవై ఏళ్ళలో విన్న వాదాల్లో అంత పొట్టిది, అంత గట్టిది ఇంకొకటి లేదు. నాయన బెంచీల మీద కూర్చున్న పండితులు దానికోసం ఒక పూట తీసుకునేవాళ్ళు, చివరికి తేల్చేవాళ్ళు కాదు.

బిందెలు నీళ్ళతోనే ఇళ్ళకు తిరిగిపోయాయి. ఆ రోజు నా మనసుకు అన్నిటికన్నా హాయిగా అనిపించిన దృశ్యం అది.

పెట్టె చుట్టూ జనం మాత్రం కదల్లేదు. దేవత పోయి జంతువు వచ్చాక ప్రశ్నలు మొదలయ్యాయి. అంతకుముందు మొక్కి పోయినవాళ్ళు ఇప్పుడు వంగి చూస్తున్నారు. ఎన్ని గొర్రెల బరువుంటుంది? బతికున్నప్పుడు పది పన్నెండు గొర్రెలంత అన్నాను. కొమ్ములు లేవా? మగవాటికి పెద్దయ్యాక రెండు కోరపళ్ళు బయటికొస్తాయి, ఇది ఆడది అన్నాను. ఎన్నేళ్ళకు ఈనుతుంది? అయిదారేళ్ళకో ఏడేళ్ళకో ఒకటి అంటే అవ్వకు నచ్చలేదు. “ఇట్లాంటివి సాకితే దివాలా,” అంది. ఒక్కొక్కరూ రెక్కను పట్టుకుని లోపల ఐదు వేళ్ళు లెక్కపెట్టి, తమ చెయ్యి చూసుకున్నారు. డేరా మనిషి కూడా లెక్కపెట్టాడు. “ఐదే,” అన్నాడు, నేను అబద్ధం చెప్పి ఉంటానని అనుకున్నట్టు.

అటువంటి జంతువు తోలైనా దగ్గర పెట్టుకోవడం నేరమని నాకు చాలా ఏళ్ళ తర్వాత తెలిసింది. అప్పుడు తెలిసుంటే ఏం చేసేదాన్నో చెప్పలేను. ఆ మనిషికి చెప్పేదాన్నేమో. అతను వినేవాడు కాదేమో.

బుధవారం సాయంత్రం అతను వెళ్ళిపోయాడు. ఊరిపెద్ద ట్రాక్టరు ఇచ్చాడు, డ్రైవరు అల్లుణ్ణే పంపాడు. ఆరుగురు మనుషులు పెట్టె ఎత్తి ట్రాలీలో పెట్టారు. లోపలున్నది గడ్డే అయినా రొప్పుతూ ఎత్తారు. అతను పెట్టె మీద టార్పాలిన్ కప్పి, తాడు మూడు చుట్లు చుట్టి ముడి వేస్తున్నాడు. అప్పుడే పడమటి దిక్కు నుంచి నల్లటి మబ్బు ఒకటి లేచింది. గాలి చల్లబడింది. మూడేళ్ళుగా అటువంటి మబ్బు కోసం చూసిన జనం తలలెత్తి నిలబడ్డారు.

అతను ఒక్కడే తల దించి చేతులు జోడించాడు. “ఇప్పుడొద్దు తండ్రీ, ఈ ఒక్క రేయి ఆగు, మడకశిర చేరనీ,” అని గొణుగుతున్నాడు. అనంతపురం జిల్లా మొత్తంలో వాన రావద్దని మొక్కుకుంటున్న మనిషి ఆ సాయంత్రం అతనొక్కడే అయి ఉంటాడు.

అవ్వ విన్నది. “నీ తోలు తడిస్తే తడవనీ అప్పా! నాలుగు చుక్కలు రానీ, నా గొర్రెల్లో ఒకటి ఇస్తా, దానికి చీర కట్టుకుని తిప్పుకో!” అంది. వీధంతా నవ్వింది. అతనూ నవ్వాడు, ముడి మాత్రం ఇంకోసారి బిగించాడు.

ట్రాక్టరు కదిలింది. మబ్బు కాసేపు మా నెత్తి మీద నిలబడి, తూర్పుకు జరిగి, పలచబడి పోయింది. చినుకు రాలలేదు. ఊళ్ళో వేరుశనగ మూటలు అట్లాగే ఉండిపోయాయి. వారం తర్వాత మడకశిర బస్సు కండక్టరు చేత అతను కబురు పంపాడు. పొడిగానే చేరిందట.